యాకూబ్, యాకోబు, యాకయ్య
స్థానిక సంప్రదాయాల శాంతివాదంపై ఒక పరిశీలన

ఓరుగల్లు చుట్టుపట్ల పల్లెలలో యాకయ్య, యాకమ్మ అనే పేర్లు తరచుగా వినవస్తాయి. పర్వతగిరి మండలంలోని అన్నారం షరీఫ్ యాకూబ్ బాబా దర్గాకు మొక్కుకొన్న పిదప పుట్టిన బిడ్డకు పెట్టుకొన్న పేరు అది. పెట్టినవారు కలిమా చదివినవారు కారు. అనేక కులాలవారు తమ ఇలవేల్పును విడిచిపెట్టకుండానే ఈ పేరును ఇంటికి తెచ్చుకొన్నారు. తెలుగు బైబిలు చదివే ఇంట్లో ఇదే పేరు యాకోబు. ఖురాను చదివే ఇంట్లో యాఖూబ్. అన్నారంలో విశ్రమించిన మహనీయుడు ప్రవక్త యాఖూబ్ (అలైహిస్సలాం) కారు, ఆ ప్రవక్త పేరు ధరించిన వలీ మాత్రమే. అయినప్పటికీ పేరు మటుకు ఇబ్రాహీం ప్రవక్త మనుమడిదే. కన్‌ఆన్ దేశపు పేరు ఒకటి మూడు తోవలలో నడిచివచ్చి ఒకే జిల్లాలో మూడు రకాల వాకిళ్ళ ముందు నిలిచిన తీరు ఆశ్చర్యకరమైనదే.

ఇటువంటి పోలికలను ఏరి కూర్చి, క్రైస్తవులకు ముస్లింలకు మధ్య శాంతి నెలకొనటానికి పండితుల వాదప్రతివాదాల కన్న స్థానిక సంప్రదాయాలే మేలైన దారి అని చెప్పే ధోరణి గత కొన్ని దశాబ్దాలుగా బలపడినది. దానికి కారణం లేకపోలేదు. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాలను గురించి ఒక ప్రకటన చేసి ముస్లింలను గౌరవంతో పేర్కొన్నది. 2007లో 138 మంది ముస్లిం విద్వాంసులు క్రైస్తవ మతాధిపతులకు బహిరంగ లేఖ వ్రాసినారు. రెండూ విలువైనవే. కాని రోములోనో అమ్మానులోనో వెలువడిన కాగితం మట్టెవాడ సందులోని కూరగాయల బండి దాకా దిగిరావటం కష్టం. అందుచేత పై నుండి కాక కింది నుండి మొదలుపెట్టాలన్న ఆలోచన పుట్టినది. ఆలోచన మంచిదే. అది ఓరుగల్లు నేల మీద ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడి విచారణ.

ఈ విచారణకు మట్టెవాడ తగిన చోటు. వరంగల్ పాతపట్నంలో అది ఒక వాడ. అక్కడినుండి హనుమకొండ మీదుగా పోతే కాజీపేట వస్తుంది. 1856లో పరమపదించిన హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గా అక్కడ ఉన్నది. అదే కాజీపేటలో ఫాతిమానగర్, అందులో కాథలిక్ మేత్రాసనపు ప్రధాన దేవాలయం ఉన్నవి. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను 1879లో అడుగుపెట్టినది. మరొక దిక్కున అన్నారం. ఇంకా ముందుకు పోతే, ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో చేరిన డోర్నకల్లు. స్థానిక సంప్రదాయం అన్న మాటకు ఎన్ని అర్థాలు చెప్పవచ్చునో అన్నింటికీ ఈ వలయంలో ఉదాహరణలు దొరుకుతాయి.

తెలుగు నేలమీద ఇటువంటి సంప్రదాయాలను గ్రంథస్థం చేసిన పాత రచనలలో మొదట చెప్పుకోదగినది 'కానూనె ఇస్లాం'. వ్రాసినవాడు ఏలూరి ప్రాంతంవాడైన జాఫర్ షరీఫ్. వ్రాయించినవాడు మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉన్న హెర్‌క్లాట్స్. ఆయనే దానిని ఆంగ్లంలోకి అనువదించి 1832లో లండనులో అచ్చు వేయించినాడు. 1921లో విలియం క్రూక్ దానిని తిరగవ్రాసి క్రమం మార్చి మళ్ళీ ప్రకటించినాడు. పుట్టుక మొదలు ఖననం వరకు దక్కను ముస్లింలు పాటించిన ఆచారాలు, మొహర్రం, మొక్కుబడులు, తావీదులు అన్నీ అందులో ఉన్నవి. ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు కలిసి కూర్చుని ఇంతటి గ్రంథాన్ని తయారుచేయటం నేటి సంభాషణ సమావేశాలకు నూటయాభై ఏండ్ల ముందటి మాట.

అయితే గ్రంథాన్ని మెచ్చుకొనేవారు ఒక సంగతి చూడరు. అందులో అడిగేది ఎప్పుడూ క్రైస్తవుడే, చెప్పేది ఎప్పుడూ ముస్లిమే. హెర్‌క్లాట్స్‌కు తెలుసుకోవాలన్న కుతూహలం నిజమైనదే కావచ్చు. కాని ఆ కుతూహలం వెనుక కంపెనీ ప్రభుత్వపు అవసరం ఉన్నది. పాలించేవారికి పాలితుల ఆచారాలు తెలియాలి. ఏలూరి ముస్లిం అడుగగా క్రైస్తవుడొకడు తన ఇంటి బాప్తిస్మమును, పెండ్లిని, సమాధి కార్యక్రమాన్ని వివరించిన గ్రంథం దాని సరసన కనబడదు. ఒకరి ఆచారం మరొకరి చేతిలో జాబితాగా మారినంతమాత్రాన పరిచయం కలిగినట్లు కాదు. నేడు దర్గాల మీద, పీర్ల మీద వెలువడుతున్న పరిశోధనలలో కూడా ఈ వంకర కొంత మిగిలి ఉన్నది. ప్రశ్నలు విశ్వవిద్యాలయాల నుండి వస్తాయి, జవాబులు పల్లెల నుండి వెళ్తాయి.

జాఫర్ షరీఫ్ కాలంలోనే, ఉత్తరాదిన షా ఇస్మాయీల్ షహీద్ 'తఖ్వియతుల్ ఈమాన్' వ్రాసి ఇటువంటి మొక్కుబడులనే తౌహీదుకు విరుద్ధమని ఖండించినారు. ఆయన బాలాకోటలో అమరులైనది 1831లో. ఏలూరివాని గ్రంథం అచ్చయినది మరుసటి ఏడు. ఒకరు ఆచారాన్ని వర్ణించినారు, ఒకరు ఖండించినారు. ఆచారాన్ని శాంతిమార్గంగా చూపే నేటివారు మొదటి గ్రంథాన్ని తరచుగా ఉదహరిస్తారు గాని, రెండవ గ్రంథం లేవనెత్తిన ప్రశ్నకు జవాబు చెప్పరు. ముస్లిం పాఠకునికి మాత్రం ఆ ప్రశ్న తప్పించుకోరానిది. శాంతి కోసమైనా సరే షిర్కును అంగీకరించవచ్చునా?

ఇక ఆధునిక రచనలలో అఫ్సర్ మహమ్మద్ ఆంగ్లంలో వ్రాసిన పీర్ల పండుగ గ్రంథం (2013) ముఖ్యమైనది. ఖమ్మం ప్రాంతంనుండి వచ్చిన తెలుగు కవి కావటంచేత ఆయనకు పల్లె మాట తెలుసు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప పేరున జరిగే మొహర్రం ఉత్సవాన్ని ఆధారం చేసుకొని, హిందువులు ముస్లింలు పంచుకొనే భక్తిని ఆయన లోపలినుండి వివరించినాడు. భక్తుల మాటను మూఢత్వమని కొట్టివేయకుండా, ఫాతిహాకు, నియ్యతుకు వారు చెప్పుకొనే అర్థాలను శ్రద్ధగా విన్నాడు. 'అస్లీ ఇస్లాం' పేరున వచ్చే ఆక్షేపణలను కూడా దాచలేదు. ఇది ఆ గ్రంథపు బలం. దాని చూపు మాత్రం హిందూ ముస్లిం భాగస్వామ్యం మీదనే. క్రైస్తవ ముస్లిం సమస్యకు ఆ గ్రంథాన్ని అలాగే అరువు తెచ్చి అతికించేవారు పొరపడుతున్నారు. పీరు ముందు హిందువు నిలిచినంత సులభంగా తెలుగు క్రైస్తవుడు నిలువలేడు. ఎందుకు నిలువలేడో తెలియాలంటే డప్పు సంగతి ఎత్తవలసి ఉన్నది.

పీర్ల పండుగను సామరస్యానికి తార్కాణంగా చూపేవారు పీరును ఎత్తిన చేతులను లెక్కిస్తారు. ఎత్తినవాడు హిందువు, ఫాతిహా చదివినవాడు ముస్లిం, గుండం తవ్వినవాడు ఇంకొక కులంవాడు అని మురిసిపోతారు. డప్పు కొట్టినవాడు ఆ లెక్కలోకి రాడు. అతడు మాదిగ. ఊరేగింపు ఏ దేవునిదైనా, చావు ఏ ఇంటిదైనా డప్పు అతని వంతు. ఇష్టపడి కొట్టినవారు, పీర్ల మీద తెలుగులో చక్కని పాటలు కట్టినవారు లేరని కాదు. కాని పిలిచినప్పుడు రాను అనే హక్కు అతనికి లేదు. నైజాం కాలపు మాటలో అది వెట్టి.

ఈ మాదిగలలోనుండే తెలుగు బాప్టిస్టు సంఘాలు పెరిగినవి. ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ దొర వద్ద 1878 జూలైలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి ప్రసిద్ధమే. కరువు కాలమది. కొత్తగా చేరినవారికి ఆయన పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. మూడవ నియమం ప్రకారం ఊరి దేవతల ఉత్సవాలకు డప్పు కొట్టటం కూడా ఆగిపోయినది. ఊరి పెద్దలు కోపగించినారు. పనులు మాన్పించి, బావులు, దారులు కట్టడి చేసిన సందర్భాలు ఉన్నవి. హనుమకొండకు 1879లో వచ్చినది ఈ మిషనే.

ఇక్కడ ముస్లిం పాఠకుడు ఒక క్షణం ఆగి చూడవలసినది ఉన్నది. చచ్చిన గొడ్డును తినరాదన్నది, దేవుడు కానిదానికి తల వంచరాదన్నది క్లౌ దొర కల్పించినవి కావు. అల్ మాయిదా సూరా మూడవ ఆయతు నిషేధించిన వాటిలో చచ్చిన జంతువు, రక్తం, గొంతు బిగిసి చచ్చినది, అల్లాహ్ పేరున కాక ఇతరుల పేరున కోసినది ఉన్నవి. క్రైస్తవుల అపొస్తలుల కార్యముల గ్రంథం పదిహేనవ అధ్యాయంలో, యెరూషలేములో సమావేశమైన పెద్దలు ఇతర జాతులనుండి వచ్చిన విశ్వాసులకు పెట్టిన కట్టడిలోను విగ్రహాలకు అర్పించినది, రక్తం, గొంతు పిసికి చంపినది ఉన్నవి. రెండు జాబితాలు ఇంత దగ్గరగా ఉన్న సంగతి మట్టెవాడ మసీదులోను తెలిసినవారు తక్కువ, హనుమకొండ చర్చిలోను తక్కువ. పండుగను వదిలిపెట్టిన మాదిగ క్రైస్తవుడు సామరస్యాన్ని చెడగొట్టినాడని నిందించేవారు ఉన్నారు. నిజానికి అతడు పీరు ముందు డప్పు దించినది ఏ భయంచేతనో, మట్టెవాడ ముస్లిం యువకుడు పీర్ల చావిడికి పోవటం మానినది అదే భయంచేత. ఇద్దరూ ఒక ఆచారాన్ని ఒకే కారణంగా వదిలి, ఒకరినొకరు గమనించకుండా రెండు దిక్కులకు పోయినారు. ఈ ఒక్క సంగతి స్థానిక సంప్రదాయవాదపు పునాదినే కదుపుతుంది. పండుగలో కలిసి ఉండటంలో కన్న పండుగను వదిలివేయటంలోనే వారిద్దరూ ఎక్కువ దగ్గరివారు.

అంతేకాదు, డప్పు దించినందుకు చట్టం కూడా వెల కట్టినది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితమైనది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే ఉన్నారు. క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతులలో 'సి' గుంపుగా లెక్కిస్తున్నారు. 2007లో వెలువడిన రంగనాథ్ మిశ్రా కమిషను నివేదిక మతాన్ని బట్టి పెట్టిన ఈ అడ్డును తొలగించమన్నది. ఈ విషయంలో రెండు మతాల పేదలు నిలిచినది ఒకే గుమ్మం బయట. శాంతి మార్గాలను గురించి వ్రాసేవారికి జాతర ఫోటో కనిపించినంతగా ఈ గుమ్మం కనిపించకపోవటం విచారకరం.

డోర్నకల్లు సంగతి వేరు. అక్కడ సంప్రదాయం రాతిలో ఉన్నది. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఈ ఊరిని తన స్థానం చేసుకొన్నాడు. నైజాం రాజ్యంలోని ఊరు అది. ఆయన కట్టించిన దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగినది. ఆంగ్లేయుల గాతిక్ గోపురాన్ని ఆయన తెచ్చిపెట్టలేదు. గుమ్మటాలను, కమానులను మసీదుల నుండి, స్తంభాలను దక్షిణాది ఆలయాల నుండి తీసుకొన్నాడు. దూరం నుండి చూచిన ముస్లిం బాటసారి మొదట దానిని మసీదు అనుకొన్నా తప్పు పట్టనక్కరలేదు.

ఇది శాంతికి గుర్తా, లేక ఇతరుల అలంకారాన్ని తన గోడకు వాడుకోవటమా? ఈ ప్రశ్న వేయటం అనుచితం కాదు. అజరయ్య మతమార్పిడిలో పట్టుదల గలవాడు; ఆ పట్టుదలను ఆయన ఎక్కడా దాచుకోలేదు. అయినా ఈ కట్టడంలో ఒక నిజాయితీ ఉన్నది. గుమ్మటం చూపి ముస్లింలను లోపలికి ఆకర్షించాలన్న ఉద్దేశం కన్న, తన సంఘంలోని మాల మాదిగలకు ఈ దేవుడు సీమ నుండి ఓడలో దిగినవాడు కాదు అని చెప్పాలన్న ఉద్దేశం అందులో బలమైనది. ఆయనే 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు ఎంత త్యాగం చేసినా భారతీయులను స్నేహితులుగా చూడటం లేదని నిండుసభలో చెప్పినాడు. కావలసినది స్నేహమని అడిగినాడు. అడుగవలసిన మాట అది. ఆ స్నేహాన్ని తన ఊరి ముస్లింలతో ఆయన సంఘం ఎంతవరకు నడిపినదన్న ప్రశ్నకు గుమ్మటం జవాబు చెప్పదు. రాయి ఎంత అందమైనదైనా ఇరుగుపొరుగు పని రాయి చేయలేదు.

కాజీపేట దర్గా విషయంలోనూ పల్లెటూరి ప్రశాంత చిత్రాన్ని గీసేవారు తొందరపడుతున్నారు. నైల్ గ్రీన్ 2009లో ప్రకటించిన గ్రంథం అఫ్జల్ బియాబానీ వంటి మహనీయుల చుట్టూ చేరినవారిలో హైదరాబాదు రాజ్యపు సిపాయిలు ఎందరో ఉన్నారని చూపినది. ఆ సిపాయి పైన క్రైస్తవ దొర అధికారి. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ ప్రాంతపు ముస్లింకు ఎదురైన క్రైస్తవుడు చాలాసార్లు పొరుగువాడు కాడు, యజమాని. ఆ జ్ఞాపకం మీద తరువాత వచ్చిన తెలుగు క్రైస్తవుడిని కూడా దొరల మతంవాడని ముద్రవేయటం జరిగినది. అతడు చూడబోతే ఊరి చివరి గూడెంవాడు.

ఫాతిమానగర్ పేరు ఇంకా సున్నితమైనది. వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడినది. దాని ప్రధాన దేవాలయం ఫాతిమా మాత పేరున ఉన్నది. పోర్చుగల్ దేశంలోని ఫాతిమా గ్రామంలో 1917లో మరియమ్మ దర్శనమిచ్చినదని కాథలికులు నమ్ముతారు. ఆ గ్రామానికి ఆ పేరు అరబ్బుల ఏలుబడి నాటి ఒక ముస్లిం కన్యవలన వచ్చినదని అక్కడ చెప్పుకొంటారు. ఆ విధంగా మహాప్రవక్త (స) కుమార్తె పేరు పోర్చుగల్ చుట్టి ఓరుగల్లు చేరి రిక్షావాని నోట, బస్సు బోర్డు మీద నిలిచినది. తెలంగాణ పల్లెల్లో బీబీ ఫాతిమా పేరున పీరు ఉన్నది. అన్నారంలోను ఇతర దర్గాలలోను మేకను కోసి వండిపెట్టే కందూరు అన్న మాటకు మూలం కందూరీ. పారసీలో భోజనానికి పరిచే గుడ్డ అని అర్థం. ఒకప్పుడు దక్కను స్త్రీలు బీబీ ఫాతిమా పేరున చేసిన విందుకు ఆ పేరు ఉండేది. నేడు కందూరు చేసే యాకయ్య కుటుంబానికి ఈ సంగతి తెలియవలసిన అవసరం లేదు, తెలియదు కూడా.

ఇటువంటి పేరును శాంతికి వాడుకోవచ్చునని తోచటం సహజమే. వాడుకొన్న తీరును చూడాలి. అమెరికా కాథలిక్ బిషప్పు ఫుల్టన్ షీన్ మరియమ్మను గురించి 1952లోనే ప్రకటించిన గ్రంథంలో ముస్లింలకు ఒక అధ్యాయం కేటాయించినాడు. ఖురాను మరియమ్మకు ఇచ్చిన గౌరవాన్ని ఆయన మనఃపూర్వకంగా మెచ్చుకొన్నాడు. ఆ మెప్పు నిజమైనదే; ఖురానులో పేరుతో ప్రస్తావించబడిన స్త్రీ ఆమె ఒక్కతే, ఆమె పేరున ఒక సూరాయే ఉన్నది. కాని అధ్యాయం ముగింపుకు వచ్చేసరికి, ఫాతిమా అన్న పేరుతో ఆమె దర్శనమివ్వటం ముస్లింలు క్రమంగా క్రైస్తవంలోకి రావటానికి సూచన అన్న ఆశ బయటపడుతుంది. ఇంతసేపు పరచిన కందూరీ గుడ్డ కింద వల ఉన్నదని తెలిసిన అతిథి ఏం చేస్తాడు? లేచి వెళ్ళిపోతాడు. ఈ రకపు ఉపకారం పోలికకే కీడు చేస్తుంది.

తప్పు ఒక పక్కనే ఉన్నదనటం న్యాయం కాదు. ఈసా ప్రవక్త (అలైహిస్సలాం)ను ముస్లింలు గౌరవిస్తారని మొదలుపెట్టి, నాలుగవ పేజీకి వచ్చేసరికి బైబిలులోని తప్పుల పట్టికగా మారే కరపత్రాలు తెలుగులోనూ ఉన్నవి. 1986లో అమెరికాలో అహ్మద్ దీదాత్, జిమ్మీ స్వాగర్ట్ మధ్య జరిగిన వాదం క్యాసెట్లుగా దేశదేశాలు తిరిగినది. అందులో గెలిచినవారెవరన్న చర్చ ఇంకా ఆగలేదు. గెలుపుతో పొరుగువారికి పని లేదు. తెలుగు ముస్లిం ఖురాను అనువాదాన్ని తెరచినప్పుడు 'ప్రవక్త' అన్న మాట చదువుతాడు. ఆ మాట ఆ అర్థంలో ఖురాను అనువాదాల కన్న ముందే తెలుగు బైబిలులో స్థిరపడినది. ఖురానును తొలిసారి తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు క్రైస్తవుడూ కాడు, ముస్లిమూ కాడు, తెలుగు భాషాశాస్త్ర పండితుడు. ఎవరి మతంలోకి ఎవరినీ లాగకుండా జరిగిన ఇచ్చిపుచ్చుకోలు ఇది. వాదాల క్యాసెట్లు తయారుచేసినవారికి ఈ పని వార్తగా తోచదు.

మరి స్థానిక సంప్రదాయమంతా పనికిరానిదేనా? అలా తీర్పు చెప్పేవారు ముస్లింలలోనే తక్కువ కాదు. ఆచారం అన్న మాట వినగానే బిద్అత్ అని ముగించటం సులభం. కాని ఫిఖ్‌హ్ శాస్త్రం అంత తొందరపడలేదు. ఆరాధనలో కొత్తది చేర్చటం వేరు, లోకవ్యవహారంలో ఊరివాడుకను పాటించటం వేరు అని అది విడదీసినది. వ్యవహారాలలో ఉర్ఫ్, అనగా స్థానికపు వాడుక, షరీఅతుకు విరుద్ధం కానంతవరకు తీర్పునకు ప్రమాణం అవుతుంది. ఉస్మానియా ఖిలాఫతు కాలంలో క్రోడీకరించిన 'మజల్లా'లో 36వ అధికరణం ఈ సూత్రమే. ఈ విభజనను శాంతి రచయితలు పట్టించుకోలేదు. వారు వెదకినది పూజలో కలయికను. అక్కడ ముస్లిం వెనుకాడుతాడు, బాప్టిస్టు కూడా వెనుకాడుతాడు. వెదకవలసినది వ్యవహారంలో.

తెలంగాణలో మేకను కోయటం ఇందుకు ఉదాహరణ. పల్లెలో పెండ్లి ఎవరిదైనా, యాటను ముల్లా చేత కోయించటం తరతరాల వాడుక. హిందువులు కూడా పాటించినారు. దీనిని ఎవరూ మతసామరస్యమని పేరు పెట్టి చేయలేదు. విందుకు వచ్చే సాయిబులు కూడా తినాలి గదా అన్నదే ఆలోచన. చర్చికి పోయే కుటుంబానికి ఇందులో అభ్యంతరం ఉండదు. విగ్రహం ముందు కోసినది కాదు, రక్తం కారిపోయినది, చచ్చినది కాదు. యెరూషలేము పెద్దల కట్టడి నెరవేరినది, అల్ మాయిదా సూరా నెరవేరినది. అదే సూరా ఐదవ ఆయతు గ్రంథ ప్రజల ఆహారాన్ని ముస్లింలకు, ముస్లింల ఆహారాన్ని వారికి ధర్మసమ్మతం చేసినది. జిబహ్ షరతుల వివరాలలో ఉలమాల మధ్య భేదాలున్నవి. ముల్లా కత్తి పట్టినచోట ఆ భేదాల ప్రసక్తే రాదు. ఇటీవల దుకాణాలలో, మాంసం మీద అంటించిన చీటీలలో ఈ కత్తినే తగాదాకు పనిముట్టుగా మార్చే ప్రయత్నాలు దేశంలో జరుగుతున్నవి. పీర్ల పండుగ ఫోటోలు తీసేవారు ఈ కత్తి పోతున్న తీరును పట్టించుకొంటే బాగుండును.

ఇందులో ఇంకొక సూక్ష్మం ఉన్నది. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, అవిశ్వాసి పిలిచిన విందుకు పోతే వడ్డించినదానిని గుచ్చి గుచ్చి అడుగక తినమని, ఇది విగ్రహానికి అర్పించినదని ఎవరైనా చెప్పితే మాత్రం మానమని చెప్పినాడు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంగా బుఖారీలో ఒక హదీసు ఉన్నది. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారు తెచ్చే మాంసం మీద అల్లాహ్ పేరు చెప్పినారో లేదో తెలియటం లేదని కొందరు అడుగగా, మీరే ఆ పేరు చెప్పి తినండని మహాప్రవక్త (స) సెలవిచ్చినారు. అతిగా ఆరాతీసి ఎదుటివానిని చిన్నబుచ్చరాదన్న మర్యాద రెండు చోట్లా ఉన్నది. తెలిసిన తర్వాత హద్దు దాటరాదన్న పట్టుదల కూడా రెండు చోట్లా ఉన్నది. ఈ రెండింటిని కలిపి పాటించటం నేర్పే పాఠం ఏ సర్వమత సభా తీర్మానంలోను కనబడదు.

అది మట్టెవాడ వంటి వాడలలోని పెండ్లి పందిళ్ళలో మాత్రం కనబడుతుంది. క్రైస్తవుల ఇంట పెండ్లికి పొరుగు సాయిబు కుటుంబంతో వస్తాడు. పందిట్లో అడుగుపెట్టి కూర్చున్నాడో లేదో, ఇంటి పెద్ద వచ్చి పక్కన నిలిచి, "ముల్లా సాబే కోసిండు అన్నా, కూర్చోండి" అంటాడు. ఆ ప్రశ్న అతడు అడుగలేదు.